అభివృద్ధి చదువు: సీటు ఎక్కడ తీసుకోవాలి?

(మొగల్తూరులో యువజన సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 ఈ ఊళ్ల ఎరుకల, యానాది కుటుంబాల పిల్లలతో పాటు పైన ఏజెన్సీ నుంచి కోయ, కొండరెడ్డి పిల్లలు కూడా వచ్చారు. మీ అందరినీ ఒకచోట చూడడం మాకు సంతోషం.

డిగ్రీ పూర్తి చేసిన మన పిల్లలు ఈ మధ్య మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "ఐక్యరాజ్యసమితి సంస్థల్లోనో, పెద్ద స్వచ్ఛంద సంస్థల్లోనో పనిచేయాలని ఉంది. అంతర్జాతీయ అభివృద్ధి రంగం అంటున్నారు. దానికి ఏ పీజీ చదవాలి? ఇక్కడ చదవాలా, విదేశం వెళ్లాలా?" పదేళ్ల కిందట ఈ ప్రశ్న మన పేటల్లో వినిపించేది కాదు. ఇప్పుడు వినిపిస్తోంది కాబట్టి జవాబు కూడా పద్ధతిగా చెప్పాలనుకున్నాం.

మా మాట ముందే చెప్పేస్తాం. దేశం పేరు చూసి, ర్యాంకు చూసి సీటు తీసుకోకండి. మూడు సంగతులు చూడండి. ఆ చదువు మీ చేతికి ఏ పని నేర్పుతుంది? ఖర్చు ఎవరు పెడతారు? చదివాక మొదటి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? ఈ మూడింటికీ జవాబు ఉన్న చోటే చేరండి. మిగతా ప్రసంగమంతా ఈ మాటకు వివరణే.

మనం ఆ పాఠంలో ఎప్పటి నుంచో ఉన్నాం

అంతర్జాతీయ అభివృద్ధి అంటే ఎక్కడో జెనీవాలోనో, వాషింగ్టన్‌లోనో ఉండే విషయమని అనుకుంటాం. ఆ చదువులో మన గోదావరి ఎప్పుడో చేరిపోయింది.

పక్కనున్న నరసాపురం లేసు అల్లికలు మీకు తెలుసు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పనిని మన ప్రాంతపు ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని చేస్తూ వచ్చారు. సరుకు విదేశాలకు పోయేది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికి వచ్చి ఆ స్త్రీల పని గంటలు, కూలి, ఎగుమతిదారుల లాభం అన్నీ లెక్కగట్టింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం చేసిన ఆ అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. రోజుకు గంటల తరబడి అల్లుతున్న మనిషిని "ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణి" అని పేరు పెట్టి, ఆమె శ్రమకు కూలి తగ్గించడం ఎలా జరుగుతుందో ఆ పుస్తకం చూపించింది. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్‌లో 1979లో స్త్రీలు–అభివృద్ధి అనే కోర్సు మొదలుపెట్టింది కూడా ఆమే. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇంకొంచెం ఎగువకు వెళ్దాం. పాపికొండల ప్రాంతంలోని కొండరెడ్ల మీద ఆస్ట్రియా దేశస్థుడు హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. తర్వాత ఆయన లండన్‌లోని సోయాస్‌లో ఆచార్యుడయ్యాడు. ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న కాగితాలు ఆ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. కొండరెడ్డి పిల్ల తన ముత్తాతల కాలపు ఫొటో చూడాలంటే లండన్ అలమరాలో వెతకాల్సిన పరిస్థితి.

ఎరుకల వాళ్ల సంగతి ఇంకా కఠినం. క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించాక మన కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేశారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. దాన్ని నడపడానికి అప్పగించింది లండన్‌లో పుట్టిన సాల్వేషన్ ఆర్మీ అనే సంస్థకి. పని నేర్పుతాం, బాగు చేస్తాం అన్నారు. ఆ చట్టం 1952లో రద్దయింది గానీ ఆ ముద్ర పోవడానికి తరాలు పట్టింది. ఒక విదేశీ సంస్థ, ఒక ప్రభుత్వం కలిసి మన కోసం నడిపిన పథకం అది. అప్పటికి అభివృద్ధి ప్రాజెక్టు అనే పేరు లేదు, అంతే తేడా.

ఇవన్నీ కోపం తెప్పించడానికి చెప్పడం లేదు. మీస్ పుస్తకం వల్ల లేసు స్త్రీల కష్టం ప్రపంచానికి తెలిసింది, అది మేలే. కానీ ఇన్నాళ్లూ మనం ప్రశ్నపత్రంలో ఉన్నాం, ప్రశ్నలు తయారుచేసే చోట లేం. మీరు ఈ రంగంలోకి వెళ్లడం అందుకే అవసరం. వెళ్లేటప్పుడు చూసుకుని వెళ్లడం ఇంకా అవసరం.

కోర్సులు నాలుగు రకాలు

కరపత్రాల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పని నేర్పే తీరును బట్టి చూస్తే నాలుగు రకాలు.

మొదటిది, మన దేశంలో ఊళ్లతో కలిసి పని నేర్పే కోర్సులు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936 నుంచి ఉంది, టిస్ అంటారు. తుల్జాపూర్, గువాహటి, హైదరాబాద్‌లలో కూడా దానికి కేంద్రాలున్నాయి. దళిత, గిరిజన అధ్యయనాల మీద సోషల్ వర్క్ కోర్సు ఉన్న సంస్థ అది. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో డెవలప్‌మెంట్ ఎంఏ రెండేళ్లు. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు, హాస్టల్ ఖర్చుల్లో పూర్తి మినహాయింపు దాకా ఇస్తారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో వర్గీస్ కురియన్ 1979లో స్థాపించిన ఇర్మా గ్రామీణ మేనేజ్‌మెంట్‌కి పేరున్న చోటు. 2025లో పార్లమెంటు చట్టంతో అది త్రిభువన్ సహకారి విశ్వవిద్యాలయంగా మారింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. విజయనగరం జిల్లాలో మన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో మొదలైంది. సహకార సంఘం నడపడం, ఊరి సర్వే చేయడం, ప్రభుత్వ పథకం లెక్కలు చదవడం ఈ రకం చదువుల్లో వచ్చే నేర్పు.

రెండోది, ఆలోచన నేర్పే విదేశీ కోర్సులు. ఇంగ్లండ్‌లో ససెక్స్ దగ్గరున్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1966లో పెట్టింది. హేగ్‌లోని ఐఎస్ఎస్ 1952లో పెట్టింది. లండన్‌లో సోయాస్ ఉంది. ఇక్కడ దాదాపు ఏడాదిలో ఎంఏ అయిపోతుంది. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా దేశాల వాళ్లు ఒకే తరగతిలో కూర్చుంటారు. బొలీవియా ఆదివాసీ తన గనుల గురించి చెప్తుంటే మీరు మీ పోలవరం గురించి చెప్తారు. ఆ విలువ తక్కువది కాదు. కానీ ఏడాది ఇట్టే గడిచిపోతుంది. అక్కడికి వెళ్లేలోపే మీ దగ్గర ఒక ప్రశ్న, కొంత పని అనుభవం లేకపోతే వ్యాసాలు రాయడంతోనే సరిపోతుంది.

మూడోది, లెక్కల చదువు. ఉదాహరణకు హార్వర్డ్ కెన్నెడీ స్కూల్‌లో అంతర్జాతీయ అభివృద్ధి కోసం రెండేళ్ల ఎంపీఏ ఉంది. దానిలో చేరాలంటే కాలిక్యులస్, ఎకనామిక్స్ ముందే చదివి ఉండాలి. ప్రపంచ బ్యాంకు లాంటి చోట్ల ఈ లెక్కలకు గిరాకీ ఎక్కువ. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్న పిల్లలు ఈ దారిని కొట్టిపారేయకండి. "మన వాళ్లకు సోషల్ వర్కే సరిపోతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే ఆ సలహా వదిలేయండి.

నాలుగోది, ఒక చేతిపని లాంటి సాంకేతిక చదువు. ప్రజారోగ్యం, నీటి ఇంజినీరింగ్, న్యాయశాస్త్రం, మత్స్యశాస్త్రం ఇందులోకి వస్తాయి. మన మొగల్తూరుకు ఇది దగ్గరి దారి అని మా అభిప్రాయం. చేపల, రొయ్యల చెరువుల మధ్య పుట్టిన వాళ్లం. ముంబైలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థకు కాకినాడలో కేంద్రం ఉంది. నరసాపురం దగ్గర రాష్ట్ర మత్స్య విశ్వవిద్యాలయానికి 2022లో శంకుస్థాపన జరిగింది. బ్యాంకాక్ దగ్గరి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, నెదర్లాండ్స్‌లోని వాగనింగన్‌లో, స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో ఆక్వాకల్చర్ పీజీలున్నాయి. మలేసియాలోని పెనాంగ్ కేంద్రంగా పనిచేసే వరల్డ్‌ఫిష్, రోమ్‌లోని ఆహార వ్యవసాయ సంస్థ ఈ చదువున్న వాళ్లకు పని ఇస్తాయి.

న్యాయశాస్త్రం ఎందుకు చేర్చామో చెప్తాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆదివాసీల భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వడం 1/70 చట్టానికి విరుద్ధమని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. సమత అనే మన రాష్ట్రపు స్వచ్ఛంద సంస్థ వేసిన కేసు అది. దేశమంతా సమత తీర్పు అంటారు. ఒక్క కేసు ఎన్ని కొండలను నిలబెట్టిందో ఆలోచించండి. న్యాయం చదవడం కూడా అభివృద్ధి చదువే.

రంగం ఇప్పుడు ఎలా ఉంది

ఇది దాచకుండా చెప్పాలి. ఈ రంగానికి ఎక్కువ డబ్బు ధనిక దేశాల ప్రభుత్వాల నుంచి వచ్చేది. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ పథకాలను 2025 జనవరిలో ఆపేశారు. చాలా భాగం రద్దు చేసి, జూలై 1 నాటికి ఆ సంస్థనే మూసేశారు. బ్రిటన్ తన జాతీయ ఆదాయంలో 0.5 శాతంగా ఉన్న సహాయాన్ని 2027కల్లా 0.3 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి సంస్థల్లో ఉద్యోగాలు కోతపడ్డాయి. అనుభవం ఉన్న వేలమంది ఉద్యోగాల కోసం వెతుకుతున్నారు. ఆ వరుసలో ఇప్పుడే పట్టా అందుకున్న పిల్లవాడు నిలబడితే ఏమవుతుందో మీరే ఊహించండి. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌లకు జీతం కూడా ఉండదు. న్యూయార్క్‌లోనో, జెనీవాలోనో సొంత ఖర్చుతో నెలల తరబడి ఉండగలిగిన వాళ్లదే ఆ దారి.

కాబట్టి ఈ రంగం వద్దని మేము అనడం లేదు. "అభివృద్ధి గురించి అన్నీ కొంచెం కొంచెం తెలుసు" అనే పట్టాకు విలువ తగ్గింది, ఒక పని బాగా తెలిసిన వాళ్ల అవసరం ఉంది అంటున్నాం. అంతర్జాతీయ సంస్థ అంటే విదేశమే కానక్కర్లేదు కూడా. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972 నుంచి ఉంది. యూనిసెఫ్ లాంటి సంస్థలకు మన దేశంలోనే కార్యాలయాలున్నాయి.

డబ్బు మాట

తల్లిదండ్రులు ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినాలి.

కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. దేశమంతటికీ ఏడాదికి 20. అందులో 17 షెడ్యూల్డ్ తెగలకు, 3 ప్రత్యేకించి బలహీన గిరిజన సమూహాలకు. కొండరెడ్లు ఆ మూడింటికి అర్హులు. కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షలు మించకూడదు, వయసు 35 లోపు ఉండాలి, డిగ్రీలో 55 శాతం మార్కులు కావాలి. ఫీజు, నివాస ఖర్చు, విమాన ఛార్జీ ఇస్తారు. మాస్టర్స్‌కీ, పీహెచ్‌డీకీ కూడా ఉంది. 20 సీట్లు తక్కువే. అయినా మన పేటల నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లు అంతకన్నా తక్కువ.

రాష్ట్ర ప్రభుత్వం కూడా విదేశీ విద్యకు సాయం చేసే పథకాలు నడుపుతూ వచ్చింది. పేర్లు, షరతులు ప్రభుత్వాలతో పాటు మారుతున్నాయి. అందుకని పక్కింటి అన్న మూడేళ్ల కిందట చెప్పిన షరతులు నమ్ముకోకండి. ఈ ఏడాది జీవో ఏం చెప్తోందో గిరిజన సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి కాగితం మీద చూడండి.

బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్ స్కాలర్‌షిప్ పూర్తి ఖర్చు భరిస్తుంది. దానికి డిగ్రీ తర్వాత రెండేళ్ల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అమెరికా వెళ్లడానికి ఫుల్‌బ్రైట్–నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉంది, దానికి మూడేళ్ల అనుభవం కావాలి. యూరప్‌లో ఎరాస్మస్ ముండుస్ కోర్సులు రెండు మూడు దేశాల్లో తిప్పి చదివిస్తాయి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. ఇంకో సంగతి. మన మూడేళ్ల డిగ్రీని బ్రిటన్, యూరప్‌లలో చాలాచోట్ల ఒప్పుకుంటారు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు 16 ఏళ్ల చదువు అడుగుతాయి. దరఖాస్తు ఫీజు కట్టకముందే ఇది అడిగి తెలుసుకోండి.

మన దేశంలోనైనా ఫీజు విషయం ముందే తేల్చుకోవాలి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యంగా వస్తే మొదటి సెమిస్టర్ ఫీజు మీరు కట్టాలా, ప్రభుత్వం ఇచ్చేదాకా సంస్థ ఆగుతుందా? ఈ ఒక్క విషయం మీదే 2018 ఫిబ్రవరిలో టిస్ విద్యార్థులు సమ్మె చేశారు. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇప్పుడు అప్పు. ఒక లెక్క వేసి చూద్దాం. 25 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 34,400 రూపాయలు కట్టాలి. మన దేశంలో స్వచ్ఛంద సంస్థలో మొదటి ఉద్యోగం చేసే పిల్ల ఆ కిస్తీ కట్టాక ఇంటికి ఏం పంపుతుంది? తానేం తింటుంది? కిస్తీ కోసం వేరే ఏదో ఉద్యోగంలో ఇరుక్కుపోతుంది. ఏ పని కోసం చదివిందో ఆ పనే చేయలేకపోతుంది. చెరువు కాపలాకు అడ్వాన్సు తీసుకుని, అది తీరక ఏళ్ల తరబడి ఒకే గట్టు మీద ఉండిపోవడం అంటే ఏమిటో యానాది కుటుంబాలకు ఎవరూ వివరించనక్కర్లేదు. చదువు అలాంటి అడ్వాన్సు కాకూడదు. ఉన్న ఇంటి స్థలం తాకట్టు పెట్టి ఈ రంగంలో పీజీకి విదేశం పంపొద్దని తల్లిదండ్రులకు మా గట్టి మాట.

రెండు సీట్లు చేతిలో ఉంటే

ఒక చెల్లెలు ఉందనుకుందాం. బీఏ పాసైంది. బ్రిటన్‌లో ఏడాది ఎంఏకి సీటు వచ్చింది, ఫీజులో నాలుగో వంతు తగ్గిస్తామన్నారు. బెంగళూరులో రెండేళ్ల ఎంఏకి సీటు వచ్చింది, ఫీజు, హాస్టల్ పూర్తిగా వాళ్లదే. బంధువులంతా లండన్ అంటారు. మేమైతే బెంగళూరు అంటాం. అక్కడ చదివి, రెండేళ్లు ఊళ్లలో పని చేస్తే చీవెనింగ్‌కు కావలసిన అనుభవం వస్తుంది. పీహెచ్‌డీ కోసం ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు పోటీ పడవచ్చు. అప్పుడు లండన్‌కు అప్పు లేకుండా వెళ్తుంది, చెప్పడానికి సొంత పని ఉంటుంది.

అదే చెల్లెలికి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇప్పుడే వచ్చిందనుకోండి. అప్పుడు ఆలోచించకుండా వెళ్లమంటాం. పూర్తి ఖర్చుతో వచ్చిన అవకాశాన్ని భయపడి వదులుకోవడం కూడా నష్టమే.

ఏ కోర్సునైనా పోల్చేటప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని సంస్థకు పంపండి. గత రెండేళ్లలో పాసైన వాళ్లు ఇప్పుడు ఏ ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లలో మన దేశం వాళ్లు ఎందరు? కోర్సులో ఊళ్లలో చేసే పని ఎన్ని వారాలు? స్టాటిస్టిక్స్, బడ్జెట్ లెక్కలు, మ్యాపులు తయారుచేయడం లాంటివి తప్పనిసరా, ఐచ్ఛికమా? ఆదివాసీల గురించి చెప్పే పాఠంలో ఆదివాసీలు రాసిన పుస్తకం ఒక్కటైనా ఉందా? ఆంగ్లం తడబడే పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో సాయం ఉందా? వీలైతే అక్కడ చదువుతున్న ఎస్టీ విద్యార్థి ఒకరితో ఫోన్‌లో మాట్లాడండి. కరపత్రం చెప్పని సంగతులు పావుగంటలో తెలుస్తాయి.

మీ దగ్గర ఉన్నది తక్కువ కాదు

దరఖాస్తులో "ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారు" అని రాయమంటారు. మన పిల్లలు రెండు రకాలుగా రాస్తున్నారు. కొందరు ఇంటర్నెట్‌లో దొరికిన పెద్ద మాటలు ఎత్తి రాస్తారు. కొందరు పేదరికం గురించి మాత్రమే రాస్తారు. పేదరికం నిజమే. కానీ సీటు ఇచ్చేవాళ్లు మీరేం చూశారో, దాని నుంచి ఏ ప్రశ్న అడుగుతున్నారో చూస్తారు.

మీరు చూసింది చాలా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో కట్టాక ఈ డెల్టా పచ్చబడింది. అయినా కాలువ శివారున ఉన్న మనకు నీళ్లు ఆఖరున వస్తాయి, ఉప్పు ముందు వస్తుంది. పైన పోలవరం కడుతున్నారు. అది 2014 విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టు అయింది. ఆ నీళ్లు కింద పొలాలకు ఆశ. పైన ఊళ్లు వదులుకునే వాళ్లలో కోయ, కొండరెడ్డి కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఇదే హాల్లో ఆ నీళ్ల కోసం ఎదురుచూసే ఇంటి పిల్లలు, ఆ నీళ్ల కింద ఊరు పోయిన ఇంటి పిల్లలు పక్కపక్కన కూర్చున్నారు. ఏ విశ్వవిద్యాలయమూ ఇంత పాఠం ఒక గదిలో పెట్టలేదు.

2017 మార్చిలో మన మొగల్తూరు దగ్గర ఆక్వా ప్లాంటులో విషవాయువు పీల్చి ఐదుగురు కార్మికులు చనిపోయారు. రొయ్యల ఎగుమతి పెరిగిందని ఒక నివేదిక చెప్తుంది. ఆ ఎగుమతి లెక్కలో ఈ ఐదుగురు ఎక్కడ ఉన్నారు? ఈ ప్రశ్నతో మొదలయ్యే దరఖాస్తును ఎవరూ పక్కన పెట్టరు.

ఇంకో చిక్కు కూడా మీకు తెలుసు. మొగల్తూరు ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. 1996 నాటి పెసా చట్టం, 1/70 చట్టం మనకు ఇక్కడ వర్తించవు. ఆదివాసీ అనగానే పుస్తకాలు అడవినే చూపిస్తాయి. మైదానంలో, చెరువు గట్ల మీద, రైలు కట్టల పక్కన ఉండే తెగల గురించి రాసింది తక్కువ. ఆ ఖాళీ మీరు పూరించాల్సిందే.

అందుకే డిగ్రీ అవగానే పీజీకి పరుగెత్తకుండా ఏడాదో రెండేళ్లో పని చేయమంటాం. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా ఫెలోషిప్ 13 నెలలు పల్లెల్లో పని చేయిస్తుంది, భృతి ఇస్తుంది. 1983లో మొదలైన ప్రదాన్ సంస్థ మధ్యభారత ఆదివాసీ ప్రాంతాల్లో యువతకు పని నేర్పుతుంది. మన గ్రామ సచివాలయంలో, మన స్వయం సహాయక సంఘాల్లో లెక్కలు చూసినా అది అనుభవమే. ఏ పనైనా తేదీలతో, అంకెలతో రాసి పెట్టుకోండి.

ముందు వెళ్లినవాళ్లు

ఈ దారిలో మనవాళ్లు లేకపోలేదు. జార్ఖండ్‌కు చెందిన రామ్ దయాళ్ ముండా షికాగోలో పీహెచ్‌డీ చేసి, మిన్నెసోటాలో పాఠాలు చెప్పి, తిరిగి రాంచీ వచ్చారు. అక్కడ గిరిజన భాషల విభాగాన్ని నిలబెట్టారు, తర్వాత రాంచీ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. జెనీవాలో ఆదివాసీల హక్కుల చర్చల్లో మన గొంతు వినిపించారు. అలాంటి చర్చలు పాతికేళ్లు సాగాకే 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసీల హక్కుల ప్రకటనను ఆమోదించింది. భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది.

ఛత్తీస్‌గఢ్‌లోని జష్‌పూర్‌కు చెందిన అభయ్ ఖాఖా ఫోర్డ్ ఫౌండేషన్ ఫెలోషిప్‌తో ససెక్స్‌లో ఆంత్రపాలజీ చదివారు. అంటే అప్పు లేకుండా వెళ్లారు. తిరిగి వచ్చి ఆదివాసీల పేరిట బడ్జెట్లో పెట్టిన డబ్బు ఎటు పోతోందో లెక్క అడిగే పనిలో ముందు నిలబడ్డారు. తాను మీ డేటాను కాను అని చెప్పే ఆయన కవిత దేశమంతా తిరిగింది. 2020లో చిన్న వయసులోనే వెళ్లిపోయారు. విదేశీ పట్టాతో ఏం చేయవచ్చో చూపించి వెళ్లారు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పెళ్లి తర్వాత చదువుకోవచ్చులే అనకండి. స్కాలర్‌షిప్‌లకు వయసు గడువు ఉంది. బెంగళూరు, ముంబై దూరమని భయపడితే, అక్కడ చదువుతున్న మన పిల్లలతో మాట్లాడిస్తాం. వాళ్ల తల్లులతో కూడా మాట్లాడిస్తాం.

చివరగా చేయాల్సిన పనులు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. ఆధార్‌లో, పదో తరగతి మార్కుల జాబితాలో, పాస్‌పోర్టులో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు. టిస్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాల పీజీలకు సీయూఈటీ పరీక్ష రాయాలి, దాని ప్రకటన ఎప్పుడు వస్తుందో చూస్తూ ఉండండి. రోజూ ఒక పేజీ ఆంగ్లం చదవండి, అర పేజీ రాయండి. ఇంట్లో కుర్రు భాషో, కోయ భాషో మాట్లాడుతుంటే దాన్ని వదలకండి. మీ సర్వేకు దుబాసీ అక్కర్లేదని దరఖాస్తులో ధైర్యంగా రాయండి.

సీటు వచ్చిన కాగితం, ఫీజు వివరాలు పట్టుకుని సంఘానికి రండి. సంతకం పెట్టేముందు రండి. ఖర్చు లెక్క కలిసి వేద్దాం, ఆ ప్రశ్నలన్నీ కలిసి అడుగుదాం.